డ్రైవరు తప్పు, ఓనరు జేబు

"బండి నేను నడపలేదు. ఆ రోజు నేను ఊళ్ళోనే లేను. నా మీద కేసేమిటి?" మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ నుంచి నోటీసు అందుకున్న లారీ ఓనరు అడిగే మొదటి మాట ఇదే. కానీ ఆ రోజు ఓనరు ఎక్కడున్నాడన్నది ట్రిబ్యునల్ పట్టించుకోదు. తప్పు చేసింది ఎవరి మనిషి, ఆ సమయానికి ఎవరి పని మీద ఉన్నాడు, ఈ రెండే చూస్తుంది. రెండింటికీ మీ పేరే జవాబైతే, మీవైపు రవ్వంత తప్పు లేకపోయినా పరిహారం మీరే కట్టాలి. దీన్నే లాయర్లు వైకేరియస్ లయబిలిటీ అంటారు.

ఇది ఓనర్ల మీద కక్షతో పెట్టిన నిబంధన కాదు. లారీ తిరిగితే లాభం ఓనరుకు వస్తుంది. డ్రైవరును ఎంచుకునేది, జీతం ఇచ్చేది, ఎప్పుడు బయల్దేరాలో ఎప్పటికి చేరాలో చెప్పేది ఓనరు. బీమా కట్టగలిగేదీ ఆయనే. నెల జీతం మీద బతికే డ్రైవరు మీద ముప్పై లక్షలకు డిక్రీ ఇస్తే, చనిపోయినవాడి భార్యాపిల్లల చేతికి కాగితం తప్ప ఏమీ రాదు. ఇది సరైన ఏర్పాటేనని నేను గట్టిగా నమ్ముతాను. ఓనర్ల కొంప మునిగేది ఈ సూత్రం వల్ల కాదు, ఇది తెలియక కాగితాలు గాలికొదిలేయడం వల్ల.

ముందు "పని మీద ఉన్నాడా" అన్న ప్రశ్న సంగతి చూద్దాం. చాలా కేసులు ఇక్కడే తేలతాయి.

మీరు చెప్పిన పనిని అతను తప్పుగా చేసినా అది మీ పనే. 1942లో బ్రిటన్‌లో ఒక కేసు తేలింది, మన కోర్టుల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. పెట్రోలు ట్యాంకరు డ్రైవరు బంకులో పెట్రోలు దించుతూ సిగరెట్ వెలిగించుకుని అగ్గిపుల్ల కింద పడేశాడు. మంటలు లేచాయి. సిగరెట్ కాల్చుకోమని ఏ యజమానీ చెప్పడు, అది డ్రైవరు సొంత సరదా. అయినా ఆ క్షణంలో అతను చేస్తున్నది పెట్రోలు దించే పని, దాన్ని ప్రమాదకరంగా చేశాడు కాబట్టి బాధ్యత యజమానిదే అన్నారు. "నేను వద్దని చెప్పాను" అన్నా లాభం లేదు. 1862 నాటి లండన్ బస్సు కేసులో, పక్క కంపెనీ బస్సులతో పోటీ పడొద్దని డ్రైవర్లకు కంపెనీ రాతపూర్వకంగా ఆదేశాలిచ్చింది. డ్రైవరు వినలేదు. కంపెనీయే కట్టింది. పని ఎలా చేయాలో చెప్పే నిషేధం యజమానిని కాపాడదు. అసలు ఆ పనే అతనిది కాదు అని చూపగలిగితే తప్ప తప్పించుకోలేరు.

మన సుప్రీంకోర్టు తీర్పులు పక్కపక్కన పెట్టి చూస్తే గీత ఎక్కడుందో తెలుస్తుంది. 1977లో రంజిత్ జిన్నింగ్ కంపెనీ కేసు. కంపెనీ మేనేజరు కంపెనీ కారు నడుపుతూ నాగపూర్ నుంచి పాంఢుర్ణా వెళ్తున్నాడు, బయటి మనిషిని కూడా ఎక్కించుకున్నాడు. కారు చెట్టుకు గుద్దుకుంది, ఎక్కినాయన చనిపోయాడు. కారు వెళ్తున్నది కంపెనీ పని మీద కాబట్టి కంపెనీ కట్టాల్సిందే అన్నారు. అందులోనే ఇంకో సంగతి ఉంది. రోడ్డు మీద పోవాల్సిన కారు చెట్టును గుద్దిందంటే నిర్లక్ష్యం దానంతటదే కనిపిస్తోంది, అలా కాదని చూపించాల్సింది మీరే అని యజమాని వైపు తిప్పారు.

1966 నాటి టాక్సీ కేసు దీనికి అటువైపు. ఓనరు టాక్సీ తిప్పమని ఒకరికి కారిచ్చాడు. ఆయన దాన్ని ఇంకొకరికి లైసెన్సు టెస్టు కోసం ఇచ్చాడు, ఆ టెస్టు సమయంలో ప్రమాదం జరిగింది. టాక్సీ తిప్పడానికీ ఈ టెస్టుకూ సంబంధం లేదని మెజారిటీ జడ్జీలు ఓనరును వదిలేశారు. ఈ తీర్పు చూసుకుని "క్లీనరు నడిపితే మాకేం సంబంధం" అని ధీమా పడేవాళ్ళున్నారు. అది పొరపాటు. 1996లో ఇలాంటిదే ఇంకొకటి వచ్చింది. డ్రైవరు బస్సును క్లీనరు చేతికిచ్చాడు, ప్రమాదం జరిగింది. బస్సు ఓనరు పని మీదే తిరుగుతోంది, నడిపే పని అప్పజెప్పిన డ్రైవరే దాన్ని తప్పుగా వేరేవాడి చేతిలో పెట్టాడు, కాబట్టి ఓనరు బాధ్యుడే అన్నారు ముగ్గురు జడ్జీలు. ఇప్పుడు ట్రిబ్యునళ్ళు నడిచే దారి ఇదే.

వాహనాలు లేని చోట కూడా గీత అదే. 1978లో స్టేట్ బ్యాంక్ మీద వచ్చిన కేసులో, ఖాతాదారు భర్త తనకు తెలిసిన బ్యాంకు ఉద్యోగి చేతికి డబ్బు, చెక్కు ఇచ్చి ఖాతాలో వేయమన్నాడు. ఉద్యోగి వాడేసుకున్నాడు. బ్యాంకు కట్టక్కర్లేదంది సుప్రీంకోర్టు. ఎందుకంటే అతను ఆ డబ్బు తీసుకున్నది బ్యాంకు మనిషిగా కాదు, వాళ్ళ స్నేహితుడిగా. కౌంటరు దగ్గర ఇచ్చి సీలున్న రసీదు తీసుకుని ఉంటే కథ వేరేగా ఉండేది. తెలిసినవాడే కదా అని బ్యాంకు ఉద్యోగి చేతికి, ఇన్సూరెన్స్ ఏజెంటు చేతికి, చిట్‌ఫండ్ గుమస్తా చేతికి ఇంటి దగ్గరే డబ్బు పెట్టేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక "ఎవరి మనిషి" అన్న రెండో ప్రశ్న. "అతను మా ఉద్యోగి కాదండీ, పీసు లెక్కన చేస్తాడు" అంటే కోర్టు అక్కడితో ఆగదు. దీనికి మన హైదరాబాదు దర్జీలే దారి చూపించారు. సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసు, 1973. దర్జీలకు కుట్టినదాన్నిబట్టి డబ్బు, వచ్చే వేళ పోయే వేళ అంటూ లేదు, కొందరు పని ఇంటికి కూడా పట్టుకెళ్ళేవాళ్ళు. అయినా వాళ్ళు ఉద్యోగులే అంది సుప్రీంకోర్టు. మిషన్లు షాపువి, ఎలా కుట్టాలో చెప్పేది షాపు, బాగాలేకపోతే విప్పి మళ్ళీ కుట్టమనే హక్కు షాపుది. అది కార్మిక చట్టం కింద వచ్చిన కేసే గానీ, పనిముట్లెవరివి, పని తప్పుబట్టే అధికారం ఎవరిది అన్న ఆ పరీక్షే ఇక్కడా పనికొస్తుంది. వారానికి మూడు రోజులు వచ్చే డ్రైవరైనా, ట్రిప్పు లెక్కన డబ్బు తీసుకునేవాడైనా, బండి మీదై దారి మీరు చెప్పినదైతే అతను మీ మనిషే.

జేసీబీ, క్రేను ఆపరేటరుతో సహా అద్దెకు తీసుకున్నప్పుడు చిక్కుంది. ఆపరేటరుకు జీతం ఇచ్చేది ఒకరు, ఇక్కడ తవ్వు అక్కడ ఎత్తు అని చెప్పేది ఇంకొకరు. మామూలుగా జీతమిచ్చే యజమానిదే బాధ్యత అని లెక్క. ఎక్కడ తవ్వాలో చెప్పినంత మాత్రాన బాధ్యత మీకు మారదు, ఎలా తవ్వాలో కూడా మీరే శాసిస్తేనే మారుతుంది. ఎన్నికల డ్యూటీకి కలెక్టరు కార్యాలయం జీపు తీసేసుకున్నప్పుడు మాత్రం బండి మీద అదుపు పూర్తిగా ప్రభుత్వానిది. అలాంటి ప్రమాదంలో రిజిస్టర్డ్ ఓనరు కాదు, రాష్ట్ర ప్రభుత్వమే కట్టాలని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి రిక్విజిషన్ ఆర్డరు కాగితం పోగొట్టుకోకండి. ఆర్టీసీ అద్దె బస్సుల్లో డ్రైవరు ప్రైవేటు ఓనరు మనిషైనా, రూటూ టికెట్టూ కండక్టరూ ఆర్టీసీవే. అలాంటి చోట కార్పొరేషన్ బాధ్యత తప్పించుకోలేదని 1997లో రాజస్థాన్ ఆర్టీసీ కేసులో తేలింది. అద్దె బస్సుకు ఓనరు చేయించిన పాలసీ ఉంటే బీమా కంపెనీ కూడా కట్టాల్సిందేనని 2011లో యూపీ ఆర్టీసీ కేసులో చెప్పారు.

కాంట్రాక్టరుకు పని అప్పగిస్తే? ఇల్లు కట్టమని మేస్త్రీకి గుత్తకు ఇచ్చారు, అతని కూలీ చేతిలోంచి ఇటుక జారి పక్కింటాయన తల మీద పడింది. మామూలు సూత్రం ప్రకారం కాంట్రాక్టరే బాధ్యుడు. కానీ ఆ గోడ ఇలా లేపు, ఆ పరంజా తీసేయ్ అని రోజూ మీరే నిలబడి చెబుతుంటే కాంట్రాక్టరు అన్న పేరు మిమ్మల్ని కాపాడదు. పనే ప్రమాదకరమైనదైతే కూడా అంతే. కరెంటు తీగల విషయంలో చట్టం ఇంకా కఠినం. 2002లో మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు కేసులో, రోడ్డు మీద తెగిపడిన తీగ తగిలి సైకిల్ మీద వెళ్తున్న మనిషి చనిపోయాడు. ఎవరో దొంగతనంగా కరెంటు లాక్కోవడం వల్ల తీగ తెగిందని బోర్డు వాదించింది. అయినా కట్టాల్సిందే అంది సుప్రీంకోర్టు. నిర్లక్ష్యం నిరూపించాల్సిన పని కూడా లేదంది. పొలంలో వేలాడే తీగల కింద రైతులు చనిపోయే మన జిల్లాల్లో డిస్కంల (కరెంటు పంపిణీ సంస్థల) మీద క్లెయిమ్ వేసేవాళ్ళకు ఇది గట్టి ఆధారం.

ఇప్పుడు అసలు డబ్బు సంగతి. ఓనరు మీద పడే మొత్తం ఎంతో తెలియకపోతే బీమా విలువ అర్థం కాదు.

32 ఏళ్ళ మనిషి, నెలకు 18,000 సంపాదన, భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. ప్రమాదంలో చనిపోయాడు. 2017 నాటి రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ప్రకారం పర్మినెంటు ఉద్యోగం కానివాళ్ళకు 40 ఏళ్ళ లోపు అయితే భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలపాలి. అంటే 25,200. ఆధారపడినవాళ్ళు నలుగురు కాబట్టి అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేయాలి. మిగిలింది 18,900. ఏడాదికి 2,26,800. 31 నుంచి 35 ఏళ్ళ వయసుకు మల్టిప్లయర్ 16. హెచ్చిస్తే 36,28,800. దీని మీద కన్సార్షియం (ఇంటి మనిషి తోడు పోయినందుకు ఇచ్చేది) కింద ఒక్కొక్కరికి మొదట 40,000, అంత్యక్రియలకు 15,000, లాస్ ఆఫ్ ఎస్టేట్ (అతను బతికుంటే కూడబెట్టేది పోయినందుకు) కింద 15,000 అని పెట్టి, మూడేళ్ళకోసారి పది శాతం పెంచమన్నారు. రెండుసార్లు పెరిగాక అవి 48,400, 18,150, 18,150 అయ్యాయి. నలుగురికి కన్సార్షియం 1,93,600, మిగతా రెండూ కలిపి 36,300. మొత్తం 38,58,700. పిటిషన్ వేసిన రోజు నుంచి వడ్డీ అదనం. ఇదంతా మామూలు జీతగాడి లెక్క. చనిపోయింది సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అయితే అంకె కోట్లలోకి పోతుంది.

మరణం, గాయాల విషయంలో థర్డ్ పార్టీ పాలసీకి మొత్తం మీద పరిమితి లేదు, కంపెనీ ఎంతైనా కట్టాలి. బండి గుద్ది ఎదుటివాళ్ళ ఆస్తికి జరిగే నష్టానికి మాత్రం కార్లకూ లారీలకూ మామూలుగా 7.5 లక్షలే. మీ లారీ ఒక షోరూంలోకి దూసుకెళ్తే ఆ పైన పడేది మీ జేబులోంచే.

పాలసీ ఉంది కదా అని నిశ్చింతగా కూర్చునేవాళ్ళే ఎక్కువ దెబ్బ తింటారు. మోటారు వాహనాల చట్టం 150వ సెక్షన్ బీమా కంపెనీకి కొన్ని తప్పించుకునే దారులిచ్చింది. డ్రైవరుకు సరైన లైసెన్సు లేకపోవడం, తాగి నడపడం, పర్మిట్‌కు విరుద్ధంగా తిప్పడం, ప్రీమియం అసలు కంపెనీకి అందకపోవడం, అంటే చెక్కు బౌన్సు కావడం. ఇలాంటివి రుజువైతే ట్రిబ్యునల్ సాధారణంగా బాధితులకు కంపెనీనే ముందు కట్టమని చెప్పి, ఆ డబ్బు ఓనరు దగ్గర వసూలు చేసుకోమంటుంది. దీన్ని అందరూ పే అండ్ రికవర్ అంటారు. వసూలుకు కంపెనీ మళ్ళీ దావా వేయక్కర్లేదు. అదే తీర్పు మీద ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేసి మీ పొలాన్నో ఇంటినో జప్తుకు పెట్టగలదు.

లైసెన్సు విషయంలో చట్టం ఓనరు పట్ల నిజానికి న్యాయంగానే ఉంది. 2004 నాటి స్వర్ణ్ సింగ్ తీర్పు, 2013లో పెప్సు ఆర్టీసీ కేసు చెప్పేది ఒకటే. లైసెన్సు తర్వాత నకిలీదని తేలినా ఓనరు తనవంతు జాగ్రత్త తీసుకుని ఉంటే చాలు. తెలిసి చేశాడని, నిర్లక్ష్యంగా ఉన్నాడని నిరూపించాల్సింది బీమా కంపెనీయే. ప్రతి లైసెన్సునూ పట్టుకుని ఆర్టీఏ ఆఫీసుల చుట్టూ తిరగమని ఎవరూ అడగరు. కానీ తీసుకున్న జాగ్రత్తకు మీ దగ్గర ఆధారం ఉండాలి. డ్రైవరును పెట్టుకునే రోజు ఒరిజినల్ కార్డు చేతిలో పట్టుకుని చూడండి, జిరాక్సు మీద డ్రైవరు సంతకం, తేదీ వేయించండి. పరివాహన్ వెబ్‌సైట్‌లో లైసెన్సు నంబరు, పుట్టిన తేదీ కొడితే వివరాలు వస్తాయి, ఆ పేజీ ప్రింటు తీసి జిరాక్సుకు పిన్ను చేయండి. అదే బండి మీద అరగంట నడిపించి చూశామని రెండు ముక్కలు రాసి పెట్టుకోండి. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు గడువు ఐదేళ్ళే, ప్రమాదకరమైన సరుకు మోసే బండి నడిపేవాళ్ళకు మూడేళ్ళే. గడువు తేదీని మీ ఫోన్‌లో రెండు నెలల ముందే గుర్తు వచ్చేలా పెట్టుకోండి. ప్రమాదం రోజున గడువు తీరిన లైసెన్సు దొరకడం కంపెనీ లాయరుకు పండగ. ఒక్క ఊరట ఏమిటంటే, 7,500 కిలోల లోపు బండికి ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సు చాలు, విడిగా ట్రాన్స్‌పోర్ట్ ఎండార్స్‌మెంట్ అక్కర్లేదని 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం ఖాయం చేసింది. టాటా ఏస్, బొలెరో పికప్ నడిపించేవాళ్ళకు దీంతో ఏళ్ళ తరబడి ఉన్న తగవు తీరింది.

అన్నిటికంటే ఘోరమైనది ట్రాక్టరు ట్రాలీ, గూడ్సు ఆటో వ్యవహారం. మిర్చి కోతకో వరి నాట్లకో కూలీలను ట్రాలీలో కుక్కి తీసుకెళ్ళడం మన ఊళ్ళల్లో రోజూ చూసేదే. పెళ్ళికి డీసీఎంలో వెళ్ళడం కూడా. సరుకు బండిలో ఎక్కిన ప్రయాణికులకు థర్డ్ పార్టీ పాలసీ వర్తించదని ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. సరుకుతో పాటు వెళ్తున్న ఆ సరుకు యజమానికో ఆయన మనిషికో, మీరు పెట్టుకున్న హమాలీలకు పాలసీలో ప్రీమియం కట్టి ఉంటే వాళ్ళకో మాత్రమే రక్షణ. పది మంది కూలీలతో ట్రాలీ కాలవలో పడిందంటే పది కుటుంబాల క్లెయిములూ ట్రాక్టరు ఓనరు మీదే వచ్చి పడతాయి. ఆ ఓనరు మూడెకరాల రైతే అయి ఉంటాడు. ఇటు కూలీల కుటుంబాలకు డబ్బు రాదు, అటు రైతు పొలం పోతుంది. ఇది చట్టంలో ఉన్న నిజమైన లోపమని నా అభిప్రాయం. చట్టం మారేదాకా మాత్రం కూలీలను తేవడానికి ప్రయాణికుల పర్మిట్ ఉన్న ఆటో మాట్లాడుకోండి. ఆ అద్దె ఎంతయినా చౌకే.

బండి అమ్మేసి పేరు మార్చనివాళ్ళది ఇంకో దుస్థితి. చట్టంలో ఓనరంటే రిజిస్ట్రేషన్ కాగితంలో పేరున్నవాడే. 2018లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన కేసులో కారు అమ్ముడై చేతులు మారుతూ పోయింది, రిజిస్ట్రేషన్ మాత్రం మొదటాయన పేరు మీదే ఉండిపోయింది. కట్టాల్సింది ఆయనే అని తీర్పు వచ్చింది. అమ్మినవాళ్ళు ఫారం 29, కొన్నవాళ్ళు ఫారం 30 ఆర్టీఏకు పంపాలి. రాష్ట్రంలోనే అమ్మితే మీ గడువు 14 రోజులు. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి కన్సల్టెన్సీ వాడి చేతికిచ్చి మరిచిపోకండి. మార్పు ఆన్‌లైన్‌లో మీ కంట పడేదాకా బండి మీదే.

నోటీసు వచ్చాక చేసే పొరపాటు మరొకటుంది, చాలా చోట్ల కనిపించేదే. "ఇన్సూరెన్స్ వాళ్ళు చూసుకుంటారులే" అని ఓనరు కోర్టుకు వెళ్ళడు. ఎక్స్‌పార్టీ అవుతాడు, అంటే ఆయన లేకుండానే కేసు నడిచిపోతుంది. బీమా కంపెనీ లాయరు వస్తాడు గానీ ఆయన వచ్చేది కంపెనీ కోసం, మీ కోసం కాదు. డ్రైవరుకు లైసెన్సు లేదు, పర్మిట్ లేదు అని ఆయన కౌంటరులో, అంటే కోర్టుకిచ్చే జవాబులో, రాస్తాడు. కాదని చెప్పడానికి ఎదురుగా మీరు లేరు. మీ బీరువాలో అసలైన లైసెన్సు జిరాక్సు ఉండి కూడా పే అండ్ రికవర్ పడుతుంది. కాబట్టి ట్రిబ్యునల్ నుంచి పరిహారం కేసు (ఎం.వి.ఓ.పి.) నోటీసు అందిన వెంటనే మీ తరఫున ఒక లాయరును పెట్టి వకాల్తా వేయించండి. ఆర్సీ, పాలసీ, ప్రీమియం కట్టిన రుజువు, ప్రమాదం నాటికి అమల్లో ఉన్న ఫిట్‌నెస్, పర్మిట్, డ్రైవరు లైసెన్సు, ఇవన్నీ కౌంటరుతో పాటే దాఖలు చేయండి. డ్రైవరును సాక్షిగా పిలిపించండి. ప్రమాదం జరిగిన రోజే బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. కంపెనీ అనుమతి లేకుండా పెద్దమనుషుల ముందు తప్పు ఒప్పుకుంటూ కాగితం రాసివ్వకండి, అది పాలసీ షరతుకే విరుద్ధం. ఆసుపత్రి ఖర్చుకు సాయం చేయడం వేరు, అది మనిషిగా చేయాల్సిందే.

డ్రైవరు మీద క్రిమినల్ కేసు కొట్టేస్తే అంతా అయిపోయిందనుకోవద్దు. 1980లోనే ఎన్.కె.వి. బ్రదర్స్ అనే బస్సు కంపెనీ కేసులో సుప్రీంకోర్టు ఈ వాదన తోసిపుచ్చింది. క్రిమినల్ కేసులో సందేహం లేకుండా నిరూపించాలి, పరిహారం కేసులో ఎక్కువ అవకాశం ఎటుందో చూస్తే చాలు. ఇటునుంచి చూస్తే, డ్రైవరు చేసిన నేరానికి ఓనరు జైలుకు పోడు. భారతీయ న్యాయ సంహిత 106(1) కింద నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే ఐదేళ్ళ దాకా శిక్ష పడొచ్చు గానీ అది నడిపినవాడికే. లైసెన్సు లేనివాడి చేతికి బండి ఇస్తే మాత్రం ఓనరు మీద మోటారు వాహనాల చట్టం 180వ సెక్షన్ కింద విడిగా కేసు పెడతారు. మైనరుకు ఇస్తే 199ఎ కింద మూడేళ్ళ దాకా జైలు, 25,000 జరిమానా.

రోడ్డు మీంచి ఆసుపత్రిలోకి వస్తే సూత్రం మారదు. 1998లో స్ప్రింగ్ మెడోస్ ఆసుపత్రి కేసులో పిల్లాడికి రాసింది క్లోరోమైసిటిన్, నర్సు తెప్పించి నరానికి ఎక్కించింది లారియాగో. పిల్లాడి మెదడు దెబ్బతింది. నర్సు తప్పుకు ఆసుపత్రిదే బాధ్యత అని చెప్పి, పిల్లాడికి 12.5 లక్షలు, తల్లిదండ్రులు పడిన వేదనకు విడిగా 5 లక్షలు ఇప్పించారు. "ఆయన మా ఉద్యోగి కాదు, విజిటింగ్ కన్సల్టెంట్" అన్న వాదనకు 2004లో సుప్రీంకోర్టు తలుపు మూసేసింది. రోగి వచ్చింది ఆసుపత్రిని నమ్మి, లోపల డాక్టరుతో ఒప్పందం ఏదైనా అది రోగికి అనవసరం. హైదరాబాదు నిమ్స్‌లో 1990లో ఆపరేషన్ తర్వాత నడుము కింద చచ్చుబడిపోయిన ఇంజినీరింగ్ విద్యార్థికి 2009లో సుప్రీంకోర్టు కోటి రూపాయలు ఇప్పించింది. దాని కోసం అతను పంతొమ్మిదేళ్ళు ఆగాడు. ఆసుపత్రి కేసులు వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ళ లోపు వేయాలి. మొదట చేయాల్సింది కేసు షీటు నకలు రాతపూర్వకంగా అడిగి తీసుకోవడం.

ప్రభుత్వం యజమాని అయితే? 1962లో ఉదయ్‌పూర్ కలెక్టరు జీపు కేసులో రాజస్థాన్ ప్రభుత్వాన్ని కట్టమన్నారు. 1964 నాటి ఇంకో తీర్పులో, మేరఠ్ పోలీసులు పట్టుకున్న బంగారాన్ని హెడ్ కానిస్టేబులే కాజేసి పారిపోతే, అది సార్వభౌమాధికార విధి అని ప్రభుత్వాన్ని వదిలేశారు. ఆ రెండో తీర్పును క్రమంగా పక్కకు నెట్టినవాటిలో మన తెలుగు కేసులూ ఉన్నాయి. పట్టుకున్న ఎరువులను అధికారులు పాడుచేస్తే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కట్టాల్సిందేనని 1994లో నాగేంద్రరావు అండ్ కంపెనీ కేసులో తేలింది. 1977లో కోయిలకుంట్ల సబ్‌జైల్లో ఉన్న తండ్రీకొడుకుల మీద బాంబులు పడ్డాయి, తండ్రి చనిపోయాడు. ముందే ప్రాణభయం ఉందని చెప్పినా కాపలా పెంచని పోలీసుల నిర్లక్ష్యానికి రాష్ట్రం బాధ్యత వహించాలని 2000లో సుప్రీంకోర్టు అంది. బతికే హక్కు దగ్గర సార్వభౌమత్వం అడ్డు రాదంది.

మీ పనివాడికే దెబ్బ తగిలితే దారి వేరు. అక్కడ ఎవరి నిర్లక్ష్యం అన్న ప్రశ్నే లేదు, పని మీద ఉండగా గాయమైతే చాలు. 1923 నాటి పరిహార చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. తన తప్పుతోనే చనిపోయిన డ్రైవరు కుటుంబానికి కూడా ఇందులో పరిహారం వస్తుంది. పాలసీలో డ్రైవరు, క్లీనరు లయబిలిటీకి ప్రీమియం కట్టారో లేదో ఈరోజే చూడండి.

కట్టిన పరిహారాన్ని డ్రైవరు జీతంలోంచి పట్టుకోవచ్చా అని ఓనర్లు అడుగుతుంటారు. జీతాల చట్టం ఒప్పుకునేది అతనికి అప్పజెప్పిన సరుకుకో డబ్బుకో అతని నిర్లక్ష్యం వల్ల వచ్చిన నష్టానికే. అదీ సంజాయిషీ అడిగాకే, అన్ని కోతలూ కలిపి జీతంలో సగం దాటకుండా. రోడ్డు మీద దెబ్బతిన్న మూడో మనిషికి మీరు కట్టినది ఆ కోతల్లోకి రాదు.

బాధితుల వైపు వాళ్ళకు కూడా చెప్పాలి. పిటిషన్‌లో డ్రైవరు, ఆర్సీలో పేరున్న ఓనరు, ప్రమాదం రోజున పాలసీ ఉన్న బీమా కంపెనీ, ముగ్గురినీ చేర్చండి. పాలసీ వివరాలు ఎఫ్‌ఐఆర్‌లో లేకపోతే బండి నంబరుతో ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు, మీరు నివసించే జిల్లాలోనే వేయొచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి గడువు ఆరు నెలలు. ఆ గడువును సవాలు చేస్తూ కేసులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాయి గానీ, వాటిని నమ్ముకుని ఆలస్యం చేయకండి. నిర్లక్ష్యం నిరూపించడం కష్టమనిపిస్తే మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ కింద మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు తప్పెవరిదని అడగకుండానే వస్తాయి. అంత్యక్రియలు కాకముందే పంచాయితీ పెట్టించి రెండు మూడు లక్షలకు స్టాంపు కాగితం మీద సంతకం అడిగేవాళ్ళు వస్తారు. పైన వేసిన లెక్కలో మీ ఇంటి అంకెలు పెట్టి చూసుకోనిదే సంతకం చేయకండి.